మా ప్లాటు కబ్జా అయింది, ఆరు నెలల్లోపే కోర్టుకెళ్లాం: నా అనుభవం

మా నాన్న 2006లో రిటైర్మెంట్ డబ్బుతో హైదరాబాద్ శివార్లలో 200 గజాల ప్లాటు కొన్నారు. గ్రామపంచాయతీ లేఅవుట్. 2022 డిసెంబరులో ఒకాయన దాన్ని కబ్జా చేశాడు. ఇప్పుడు ఆ ప్లాటు మళ్లీ మా చేతిలో ఉంది. ఈ మధ్యలో జరిగిందంతా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఇలాంటి సమస్య వచ్చినవాళ్లు నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు. వాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలలు ఎంత ముఖ్యమో ఎవరూ చెప్పి ఉండరు. ఆ గడువు దాటిపోయాక నా దగ్గరికి వస్తారు.

మా ప్లాటు పక్కన ఇల్లు కట్టుకున్న పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయనే ఫోన్ చేశారు. "తమ్మీ, మీ ప్లాట్ల ఎవరో రేకుల షెడ్డు ఏస్తుండ్రు, మీకు ఎరుకేనా?" అన్నారు. మేం ఉండేది కరీంనగర్‌లో. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాను. నాన్న పాతించిన సిమెంటు కడీలు పీకేసి ఒక మూలన పడేశారు. ముళ్ల తీగ లేదు. ఇటుకల మీద ఇటుకలు పేర్చి నాలుగు గోడలు లేపి, పైన రేకులు వేసి, లోపల ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టారు. గేటుకి "ఈ స్థలం ఫలానా వారిది" అని ఫ్లెక్సీ కట్టారు. అడిగితే లోపలున్న మనిషి ఒక ఫోన్ నంబరు ఇచ్చాడు. ఫోన్ ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడి, తన దగ్గర రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉందన్నాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీయిస్తే విషయం అర్థమైంది. మా లేఅవుట్ వేసిన భూమికి అసలు పట్టాదారు చనిపోయారు. ప్లాట్లుగా అమ్మేసినా రెవెన్యూ రికార్డులో ఆ సర్వే నంబరు ఎదురుగా ఆయన పేరే మిగిలిపోయింది. ఆయన వారసుల్లో ఒకరు ఆ పేరు పట్టుకుని, లేఅవుట్ అనేదే లేనట్టు, భూమిని సాగు భూమి కొలిచే గుంటల లెక్కన మళ్లీ అమ్మారు. శివారు ప్రాంతాల్లో డబుల్ రిజిస్ట్రేషన్లు చాలావరకు ఇలాగే జరుగుతాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మా ప్లాటు నంబరుతో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే శుభ్రంగా కనిపించింది. వాళ్ల లావాదేవీ అందులో లేనే లేదు, ఎందుకంటే వాళ్ల డీడ్‌లో ప్లాటు నంబరే రాయలేదు. సర్వే నంబరుతో తీసిన ఈసీలో బయటపడింది. ప్లాటు ఉన్నవాళ్లు అప్పుడప్పుడూ ఈసీ తీసి చూసుకుంటుంటారు కదా, రెండు రకాలుగానూ తీయండి.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఊహించినట్టే "ఇది సివిల్ మ్యాటర్, కోర్టులో తేల్చుకోండి" అన్నారు. ఇందులో సగం నిజం ఉంది. ప్లాటు ఎవరిదో పోలీసులు తేల్చలేరు, స్వాధీనం తీసి మన చేతికి ఇవ్వనూ లేరు. కానీ ఒకరి స్థలంలోకి అక్రమంగా చొరబడటం, కడీలు పీకేయడం, తీగ ఎత్తుకుపోవడం నేరాలు. అప్పటికి ఐపీసీ 447, 427, 379 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అక్రమ చొరబాటు ఇప్పుడు 329వ సెక్షన్ కిందికి వస్తుంది. కేసు పెట్టకపోతే ఫిర్యాదును పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. మా విషయంలో పై అధికారికి రాశాక ఎఫ్ఐఆర్ అయింది. దానివల్ల ఎవరూ జైలుకి పోలేదు. కానీ ఫలానా తేదీకి ముందు అక్కడ కడీలున్నాయి, ఆ తర్వాత లేవు అని చెప్పే ఒక సర్కారీ కాగితం మా చేతికి వచ్చింది. తర్వాత కోర్టులో అదే మాకు ఎంతో పనికొచ్చింది.

ఈలోపు బంధువుల్లో ఒకరు "నలుగురిని తీసుకెళ్లి రేకులు పీకేద్దాం, మన స్థలమే కదా" అని పట్టుబట్టారు. మా లాయర్ మేడమ్ ఒప్పుకోలేదు. ఆవిడ చెప్పింది ఇది. అప్పుడే చొరబడుతున్నవాణ్ణి అక్కడికక్కడ అడ్డుకునే హక్కు యజమానికి ఉంటుంది. కానీ అవతలివాడు వచ్చి స్థిరపడ్డాక, వాడు హక్కు లేనివాడే అయినా, చట్టప్రకారం తప్ప బలవంతంగా ఖాళీ చేయించకూడదు. రామే గౌడ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా వివరంగా చెప్పింది. పైగా షెడ్డులో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. మేం చేయి వేసిన మరుక్షణం కేసు మా మీద పడుతుంది, అవతలివాళ్లు కోరుకునేదీ అదే.

అప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న నాకు కొత్తగా అనిపించింది. "మీ డాక్యుమెంట్లు బాగానే ఉన్నాయి. డిసెంబరు దాకా ప్లాటు మీ స్వాధీనంలో ఉందని ఎలా చూపిస్తారు?"

దీని వెనకున్నది 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 6వ సెక్షన్. మన సమ్మతి లేకుండా, చట్టప్రకారం కాకుండా ఎవరైనా మనల్ని స్థిరాస్తి నుంచి వెళ్లగొడితే, ఆ రోజు నుంచి ఆరు నెలల్లోపు స్వాధీనం తిరిగి ఇప్పించమని దావా వేయవచ్చు. ఈ దావాలో ఆస్తి ఎవరిదని కోర్టు తేల్చదు. నిన్నటిదాకా ఎవరి స్వాధీనంలో ఉంది, అక్రమంగా లాక్కున్నారా లేదా, ఇంతవరకే చూస్తుంది. అవతలివాడు ఎంత పెద్ద సేల్ డీడ్ చూపించినా అది అడ్డు కాదు. డిక్రీ (కోర్టు తుది ఆదేశం) వచ్చాక దాని మీద అప్పీలు లేదు, రివ్యూ (అదే కోర్టు మళ్లీ చూడటం) లేదు. హైకోర్టులో రివిజన్ (కింది కోర్టు తన పరిధిలోనే నడుచుకుందా అని చూడమనే అర్జీ) మాత్రం వేసుకోవచ్చు. ప్రభుత్వం మీద మాత్రం ఈ సెక్షన్ కింద దావా వేయడానికి లేదు.

ఆరు నెలలు దాటితే దారి మూసుకుపోదు, కానీ బాగా పొడవవుతుంది. అప్పుడు టైటిల్ (యాజమాన్య హక్కు) ఆధారంగా, మనమే హక్కుదారులమని డిక్లరేషన్ అడుగుతూ, స్వాధీనం కూడా కోరుతూ సమగ్రమైన దావా వేయాలి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి మన దాకా వచ్చిన డీడ్లు) మొదలు అన్నీ రుజువు చేసుకోవాలి, కోర్టు ఫీజు ఆస్తి విలువను బట్టి కట్టాలి, ఓడినవాళ్లు అప్పీలుకి వెళ్తారు. లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం దీనికి 12 ఏళ్ల గడువుంది. ఆ 12 ఏళ్లు అవతలివాడు మన హక్కును కాదంటూ బాహాటంగా, ఎడతెగకుండా స్వాధీనంలో ఉంటే మన హక్కే పోతుంది. ఒట్టి ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దనే కోర్టు ఉత్తర్వు) చాలదా అని చాలామంది అడుగుతారు. స్థలం ఇంకా మన చేతిలో ఉండి ఎవరైనా జొరబడే ప్రయత్నం చేస్తుంటే ఇంజంక్షన్ సరిపోతుంది. చేయి దాటిపోయాక సరిపోదు, స్వాధీనం కోసం అడగాల్సిందే. ఏ పరిస్థితిలో ఏ దావా వేయాలో 2008లో అనతుల సుధాకర్ వర్సెస్ పి.బుచ్చిరెడ్డి తీర్పులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. అది వరంగల్ స్థలం గొడవే. మన దగ్గర ప్లాటు కేసులు చూసే లాయర్లందరి నోటా ఆ పేరు వినబడుతుంది.

మరి ఖాళీ ప్లాటు స్వాధీనంలో ఉందని ఎలా చూపించాలి? అందులో ఎవరూ ఉండరు, వంట చేయరు, మీటరు ఉండదు. ఖాళీ స్థలం విషయంలో హక్కు ఎవరిదైతే స్వాధీనం వాళ్లదేనని భావించే సూత్రం ఒకటి ఉంది, కాబట్టి మన సేల్ డీడ్ వృథా కాదు. కానీ దాని మీదే కూర్చోలేం. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ కింద పరిచి వెతికాం. నాన్న ప్రతి రసీదూ దాచే మనిషి, అదే మమ్మల్ని నిలబెట్టింది. కడీలు కొన్నప్పటి బిల్లు దొరికింది. 2020లో ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం)కి వెయ్యి రూపాయలు కట్టిన రసీదు, మున్సిపాలిటీకి కట్టిన ఖాళీ స్థలం పన్ను రసీదులు దొరికాయి. కంపచెట్లు కొట్టించినప్పుడు కూలీ మనిషి పంపిన ఫొటోలు నా ఫోన్‌లోనే ఉన్నాయి. ఫోన్ ఫొటోలను కోర్టులో పెట్టాలంటే సాక్ష్య చట్టం 65బి కింద సర్టిఫికెట్ జత చేయాలి. కొత్త సాక్ష్య అధినియమంలో అది 63వ సెక్షన్ అయింది. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. 2022 మధ్య దాకా ఆ చోట కట్టడం లేదని అందులో తేటగా తెలుస్తోంది. వాళ్లేమో అయిదేళ్లుగా షెడ్డులో ఉంటున్నామని చెప్పుకున్నారు.

దావాతో పాటే రెండు అర్జీలు వేశాం. ఒకటి, కేసు తేలేదాకా కొత్త కట్టడాలు కట్టకుండా, మూడో మనిషికి అమ్మకుండా ఆపమని. రెండోది, అడ్వకేట్ కమిషనర్‌ని (కోర్టు తరఫున చూసి వచ్చే లాయర్‌ని) పంపి స్థలం ఎలా ఉందో నమోదు చేయించమని. కోర్టు స్టేటస్ కో (ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్న ఉత్తర్వు) ఇచ్చింది. కేసు నడుస్తుండగా ఎవరైనా కొన్నా ఆ తీర్పుకి కట్టుబడాల్సిందే. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్‌లో ఆ రక్షణ ఉంది.

కమిషనర్ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. యువకుడైన లాయర్. ముందుగా ఇరు పక్షాలకీ నోటీసిచ్చి వచ్చారు. షెడ్డు గోడ మీద వేలితో గీరారు, ఇసుకతో సహా సిమెంటు పొడిపొడిగా రాలింది. రేకుల మీద తుప్పు మచ్చ లేదు, కంపెనీ అంటించిన కాగితం స్టిక్కరు ఇంకా ఊడలేదు. వాటికి దగ్గరగా ఫొటోలు తీశారు. పీకేసిన కడీల కోసం చూస్తే మూలన గడ్డిలో పడి ఉన్నాయి. కడీలు పాతిన గుంతల్లో కొన్ని మట్టితో సగమే పూడి ఉన్నాయి. ఆయన ప్రతి గుంత దగ్గరా ఆగి టేపుతో దూరాలు కొలిచారు. మా డీడ్‌లో తూర్పున 30 అడుగుల రోడ్డు అని ఉంది. అవతలివాళ్ల డీడ్‌లో తూర్పున "పట్టాదారు మిగులు భూమి" అని ఉంది. ఆయన తూర్పు వైపు తిరిగి నిలబడితే ఎదురుగా సిమెంటు రోడ్డు, డ్రైనేజీ మ్యాన్‌హోల్, అవతల వరసగా ఇళ్లు. రిపోర్టులో అదే రాశారు, ఉన్నది ఉన్నట్టు. అభిప్రాయమేమీ రాయలేదు, రాయకూడదు కూడా.

ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు. కౌంటర్‌కి టైమ్ కావాలంటారు, లాయర్‌కి ఒంట్లో బాలేదంటారు. ఆ కాలం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, టెన్షన్ తప్ప. మధ్యవర్తులు వచ్చింది మాత్రం ఆ సమయంలోనే. ఒకాయన ఇంటికే వచ్చి, టీ తాగుతూ, "అన్నా, కోర్టంటే పదేండ్లు. నాయినకు ఈ వయసుల ఇదంతా అవసరమా? మార్కెట్ రేటుల మూడో వంతు ఇప్పిస్త, సంతకం పెట్టిచ్చెయ్" అన్నాడు. ఈ దందా అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. కబ్జా చేసేవాళ్లకి కోర్టులో గెలవాలన్న ఆశ పెద్దగా ఉండదు. వయసు మళ్లినవాళ్లని, దూరాన ఉన్నవాళ్లని, విదేశాల్లో పిల్లలున్నవాళ్లని చూసి ఎంచుకుంటారు, విసిగిపోయి వచ్చినకాడికి అమ్ముకుంటారని. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. జీవితమంతా కూడబెట్టినదాన్ని ఓపిక అయిపోయేదాకా పట్టుకుని లాగడం కంటే అన్యాయం ఏముంటుంది? నాన్న ఆయనకి ఇంకో కప్పు టీ ఇప్పించి, "అమ్మేది లేదు బాబూ" అని పంపించేశారు.

2024లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చాక అక్కడికి వెళ్లమని కొందరు సలహా ఇచ్చారు. అది చెరువులు, నాలాలు, పార్కులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణల కోసం ఏర్పాటైంది. ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య హక్కు గొడవ తేల్చడం దాని పని కాదు. అలాగే ఆర్డీఓ, తహసీల్దారు ఆఫీసుల చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. అర్జీలు పెట్టుకోవద్దని కాదు. వాటి జవాబు కోసం చూస్తూ ఆ ఆరు నెలలు దాటనివ్వొద్దు.

నేను నాన్న తరఫున జీపీఏ (ఆయన బదులు వ్యవహరించే అధికారపత్రం) తీసుకున్నాను. దావా వేయడానికి, వాయిదాలకి హాజరు కావడానికి అది సరిపోయింది. సాక్ష్యానికి మాత్రం సరిపోదని లాయర్ మేడమ్ ముందే చెప్పారు. నాన్నకి స్వయంగా తెలిసిన విషయాలు నాన్నే చెప్పాలి. జీపీఏ ఉన్న మనిషి ఆయన బదులు చెప్పడం చెల్లదని జానకి వాశ్‌దేవ్ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు 2004 నాడే తేల్చింది. విదేశాల్లో ఉండి జీపీఏ పంపించి ఊరుకుందామనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. నాన్న మోకాళ్లు సహకరించవు కాబట్టి అర్జీ పెడితే, కమిషనర్‌ని పెట్టి ఇంటి దగ్గరే సాక్ష్యం నమోదు చేయించడానికి కోర్టు ఒప్పుకుంది.

హాల్లో డైనింగ్ టేబుల్ దగ్గర క్రాస్ ఎగ్జామినేషన్ జరిగింది. అవతలి లాయర్ అనుభవం ఉన్న మనిషి, గొంతు పెంచకుండానే నొక్కి అడిగారు.

"ఆ స్థలంలో మీరు ఒక్క రాత్రైనా ఉన్నారా?"

"లేదండీ."

"కరెంటు మీటరు ఉందా? నల్లా ఉందా?"

"లేవు."

"అంటే అది ఎన్నడూ మీ స్వాధీనంలో లేదు."

"నిజం కాదు. కడీలు పాతించాను. ఏటా కంప కొట్టించాను. పన్ను కట్టాను. ఖాళీ స్థలాన్ని ఇంకెట్లా పెట్టుకుంటరు సార్?"

కమిషనర్ తల వంచుకుని రాసుకుంటూ పోయారు. పడమట ఎవరి ప్లాటు, ఉత్తరాన ఏముంది, కడీలకి ఎన్ని వరసల తీగ కట్టించారు, అన్నీ అడిగారు. 76 ఏళ్ల మనిషి ఒక్కచోట కూడా తడబడలేదు. మా తరఫున పక్కింటి పెద్దాయన కూడా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆయన మీద ఒత్తిడి వచ్చింది, అయినా వచ్చారు. ఆయన రుణం నేను తీర్చుకోలేను. ఊళ్లో ఉండని యజమానికి పక్కింటివాళ్లతో మంచి చెడ్డా మాట్లాడుకునే సంబంధం ఉండటం ఎంత పెద్ద రక్షణో అప్పుడు తెలిసింది.

2025లో డిక్రీ మాకు అనుకూలంగా వచ్చింది. అవతలివాళ్లు హైకోర్టులో రివిజన్ వేశారు, స్టే రాలేదు. డిక్రీ వచ్చినంత మాత్రాన తాళంచెవి చేతికి రాదు. ఈపీ (డిక్రీని అమలు చేయమనే అర్జీ) వేయాలి, డెలివరీ వారంట్ తీసుకోవాలి, పోలీసు బందోబస్తు కోసం మళ్లీ అర్జీ పెట్టాలి, అప్పుడు కోర్టు అమీనా (ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) వచ్చి ఖాళీ చేయిస్తారు.

అమీనా మొదటిసారి వచ్చినప్పుడు షెడ్డులో కబ్జా చేసినాయన లేడు. అతను అందులో ఒక్క రాత్రి కూడా పడుకున్నట్టు లేడు. ఉన్నది బతుకుదెరువు కోసం దూరం నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్, అతని భార్య, బడికి పోయే ఇద్దరు పిల్లలు. కాపలా ఉంటే నెలకి ఇంత ఇస్తామన్నారట, కొన్ని నెలలుగా అదీ ఇవ్వడం లేదట. ఆమె సామాను సర్దుకుంటూ ఏడ్చింది. వాళ్లు వేరే గది చూసుకునేదాకా గడువిస్తామని మేం అమీనాకి రాసిచ్చాం. వాళ్లు మాట తప్పలేదు, చెప్పిన రోజుకి ఖాళీ చేశారు. ఆ రోజు అమీనా మళ్లీ వచ్చి, పంచనామా రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని, స్థలం మాకు అప్పగించినట్టు కోర్టుకి రిపోర్టు ఇచ్చారు.

ఆ వారంలోనే పర్మిషన్ కోసం దరఖాస్తు పెట్టి, వచ్చాక చుట్టూ ప్రహరీ కట్టించాం. లోపల చిన్న గది వేసి, మీటరు తీసుకుని, ఒక కెమెరా పెట్టించాం. ఎవరినైనా కాపలాకి ఉంచేవాళ్లు వాళ్లతో ఒక కాగితం రాయించుకోండి. యజమాని తరఫున కాపలా ఉన్నవాళ్లకి, ఎన్నేళ్లున్నా, ఆ ఆస్తి మీద హక్కు రాదని 2012లో మరియా మార్గరీడా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వాళ్లు అలా ఉన్నారని రుజువు చేసుకోవడానికి కాగితం కావాలి కదా.

6వ సెక్షన్ డిక్రీ వచ్చినా, ఓడినవాళ్లు టైటిల్ కోసం విడిగా దావా వేసుకోవచ్చు. ఆ చట్టంలోనే అలా ఉంది. వాళ్లు వేశారు. తేడా ఏమిటంటే ఇప్పుడు స్థలం మా దగ్గర ఉంది, రుజువు చేసుకోవాల్సిన బరువు వాళ్ల మీద ఉంది. వాయిదాలు ఎంత సాగినా మాకు పోయేదేమీ లేదు. మేం రిటన్ స్టేట్‌మెంట్ (మా జవాబు)తో పాటు, వాళ్ల సేల్ డీడ్ మా మీద చెల్లదని ప్రకటించమంటూ కౌంటర్ క్లెయిమ్ (ఎదురు దావా) కూడా వేశాం. అలాంటి డీడ్ సంగతి తెలిశాక మూడేళ్లలోపు అడగాలి, మేం గడువులోనే అడిగాం. ప్రస్తుతం ఆ కేసు ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన అంశాలు) ఖరారు చేసే దశలో ఉంది. వాళ్లకి అమ్మిన వారసుడి తండ్రి, అంటే అసలు పట్టాదారు, 2006లో మా నాన్నకి రాసిచ్చిన డీడ్ మీద పెట్టిన సంతకం, వేలిముద్ర రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. వాటిని తెప్పించమని వచ్చే వాయిదాకి అర్జీ వేస్తున్నాం.